కోల్డ్ రూమ్ ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గో వైపున్న ఒక సరుకు రవాణా కంపెనీలో సిస్టమ్స్ ఆఫీసరుగా వేశారు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. అక్కడి కంప్యూటర్లన్నిటికీ ఒకటే రూలు: ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడగాలి. ఆ రూలు రాసింది నేను కాదు. కానీ రాసినవాళ్లకంటే నేనే దాన్ని ఎక్కువ పట్టుకుని వేలాడాను.

మందులు విమానం ఎక్కేముందు ఆగే గదిని కోల్డ్ రూమ్ అంటారు. అందులో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. ఐదు నిమిషాలకోసారి ఆ డిగ్రీలను నమోదు చేసేది గది బయట, తాళం వేసి ఉండే నడవలో బల్లమీదున్న ఒక పాత ల్యాప్‌టాప్. మందుల రవాణాలో నమోదు లేకపోతే చల్లదనం లేనట్టే, లోపల గది ఎంత చల్లగా ఉన్నా సరే.

ఆ గది సూపర్‌వైజర్ యాదగిరి. తొండుపల్లి మనిషి, కాంట్రాక్టు ఉద్యోగి. ల్యాప్‌టాప్ అతని పేరు మీదే ఉండేది. నేను చేరిన నెలలోనే వచ్చి అడిగాడు.

"సార్, అప్‌డేట్ అనుకుంట ఇది దానంతట అదే బందై మల్ల ఆన్ అయితది. పాస్‌వర్డ్ కొట్టెదాక రికార్డింగ్ సురువు కాదు. నేను డ్యూటీల లేనప్పుడు ఎట్ల? జర గా అడుగుడు బంద్ చెయ్యిండ్రి."

చూద్దాం అన్నాను. నిజానికి తాళమున్న చోట ఉండే మెషీన్లకు మినహాయింపు ఇవ్వొచ్చు. దానికొక ఫారం ఉంది, నా సంతకం చాలు. ఆ ఫారం నా సొరుగులోనే ఉంది. అతను ఇంకో రెండుసార్లు అడిగాడు. నేను ఇంకో రెండుసార్లు చూద్దాం అన్నాను.

చివరికి అతనే ఒక దారి చూసుకున్నాడు. రెండో షిఫ్టు ఖాజా కోసం పాస్‌వర్డ్‌ను చీటీ మీద రాసి ల్యాప్‌టాప్ కింద అంటించాడు. తనిఖీలో అది నా కంట పడింది. చీటీ చింపేశాను, పాస్‌వర్డ్ మార్పించాను, ఇకమీదట ఎవరికీ చెప్పనని సంతకం తీసుకున్నాను. "మరి ఖాజా భాయ్ ఏం జెయ్యాలె సార్?" అన్నాడు. నీకు ఫోన్ చేస్తాడులే అన్నాను. ఆ రోజు మహా పనిమంతుణ్ణనుకున్నాను.

మరుసటి ఏడాది వినాయక నిమజ్జనం రోజు యాదగిరి సెలవు పెట్టాడు, అతని బదులు పొద్దుటి నుంచే ఖాజా డ్యూటీలో ఉన్నాడు. పొద్దున పదకొండుకు ల్యాప్‌టాప్ అప్‌డేటై, మళ్లీ ఆన్ అయి, పాస్‌వర్డ్ అడుగుతూ ఆగిపోయింది. ఖాజా ఎన్నిసార్లు ఫోన్ చేసినా డప్పుల మోతలో యాదగిరికి వినపడలేదు. నాకు మాత్రం చేయలేదు. సెలవు రోజున ఫోన్ చేస్తే సారు కసురుకుంటారని భయపడ్డానని తర్వాత విచారణలో చెప్పాడు. అదీ నా పేరు.

ఆరు గంటలు నమోదు లేదు. ఖాజా పాపం ఊరికే కూర్చోలేదు. అరగంటకోసారి గోడ మీటరు చూసి కాగితం మీద రాసుకున్నాడు. ఒక్కసారి కూడా ఐదు దాటలేదు. మందుల కంపెనీ మనిషి ఆ కాగితాన్ని మర్యాదగా చదివి పక్కన పెట్టాడు. లోపలున్నవి క్యాన్సర్ ఇంజెక్షన్లు. పాడైనవని ఎవరూ అనలేదు. అయినా అన్నింటినీ నాశనం చేయడానికి పంపారు. ఆ పెట్టెలన్నీ లారీకెక్కేదాకా అక్కడే నిలబడి చూశాను.

విచారణలో యాదగిరి, సారుకు మూడుసార్లు చెప్పానన్నాడు. కమిటీ నావైపు తిరిగి, రాతపూర్వకంగా ఏమైనా వచ్చిందా అని అడిగింది. రాలేదన్నాను. అతను నా ముఖంలోకి ఒకసారి చూసి తల దించుకున్నాడు. వారం తిరక్కుండా అతని కాంట్రాక్టు రద్దయింది.

పాస్‌వర్డ్ అడగడం ఆపేయమని ఆ తర్వాత మేనేజరే చెప్పాడు. యూజర్ అకౌంట్ల సెట్టింగు తెరిచి, ఒక టిక్కు తీసేసి, పాస్‌వర్డ్ చివరిసారిగా ఒకసారి కొట్టి, ఓకే నొక్కాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఐడీ కార్డు అప్పజెప్పడానికి వచ్చినప్పుడు యాదగిరి ఆ బల్ల దగ్గర ఆగాడు.

"ఇగ అడుగుతలేదా సార్?"

"లేదు. తీసేశాను."

"మంచిగైంది. నా ఎనక వచ్చెటోళ్లకు పరేషాన్ ఉండది."

తిట్టినా బాగుండేది.

రాతపూర్వకంగా రాలేదన్నది నిజం. రాసివ్వమని నేను ఎన్నడూ అనలేదన్నదీ నిజమే. రెండోది కమిటీ అడగలేదు, నేను చెప్పలేదు. నోటితో వచ్చిన విన్నపాన్ని విన్నవాడే ఆ రోజే కాగితం మీద పెట్టాలని అప్పుడు నేర్చుకున్నాను. అప్పటికి నా సర్వీసు ఎనిమిది నెలలు మిగిలుంది. ఫారాలన్నీ సొరుగులోంచి తీసి బల్లమీద పెట్టుకు కూర్చున్నాను. ఆ ఎనిమిది నెలల్లో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.