పడుకున్నవాళ్లకు కనిపించే కిటికీ

నాయన కర్మలు ముగిసిన వారంలోనే ధర్మవరం నుంచి ఫోను వచ్చింది. మా ముత్తాత గీసి కట్టించిన పాత ఆసుపత్రిని పడగొడుతున్నారట. అవ్వకు చెప్పాను. అవ్వ ఆ ముత్తాతకు ముసలితనంలో పుట్టిన ఆఖరి కూతురు, మా నాయనను కన్న తల్లి. కొడుకు పోయినప్పుడు ఏడవలేదు. నేనూ ఏడవలేదు. హిందూపురం ఇంట్లో ఇద్దరం వేళకు తింటున్నాం, వేళకు పడుకుంటున్నాం. అంతే.

"పోదాం పా," అంది.

"కూలగొడతాండేది ఏం చూస్తావవ్వా?"

"ఊరికే."

కారు మాట్లాడాను. పెనుకొండ రాగానే ఊళ్లోకి తిప్పమంది. కొండ కింద తాళం వేసిన రాతి కట్టడం ముందు ఆపించింది. ముత్తాత తొలి పనుల్లో అదొకటి. మద్రాసులో చదువుకుని సర్కారు కట్టడాల ఓవర్సీయరుగా వచ్చినవాడు, ఈ చుట్టుపక్కల బడులు, కచేరీలు, ఆసుపత్రులు గీస్తూనే ముసలివాడయ్యాడు. తనకంటూ ఒక గది కట్టుకోలేదు. చివరిదాకా బాడుగ ఇల్లే.

అవ్వ దిగకుండానే వేలు చూపించింది.

"ఆ కిటికీలు చూడు, ఎంత పైన ఉండాయో. అప్పుడు ఇది ఆసుపత్రి. కట్టినంక మా నాయనకే జ్వరమొచ్చి ఈడ పడుకోబెట్టినారంట. మంచం మీదికి సున్నం గోడ తప్ప ఏమీ కనపడలేదంట. నిలబడి గీసినాను, పడుకునేటోళ్లను తలుచుకోలేదు అని మా అమ్మతో శానాసార్లు అన్న్యాడంట."

ఆ జ్వరం తగ్గాక ఆయనకు ధర్మవరం ఆసుపత్రి పని వచ్చింది. ఈసారి కిటికీలను మంచం ఎత్తుకు దించి గీశాడు. చూడ్డానికి బాగాలేదని పై అధికారి నక్షా తిప్పి పంపాడు. ఆయన మళ్లీ అదే గీసి పంపాడు. ఆ పంతంతో రావలసిన పెద్ద ఉద్యోగం ఇంకొకరికి పోయింది. కట్టడం మాత్రం ఆయన గీసినట్టే లేచింది.

వింటూ, పుట్టపర్తి ఆసుపత్రిలో నాయన మంచం దగ్గర కిటికీ ఉండేదా అని గుర్తు చేసుకోబోయాను. రాలేదు. అన్ని రోజులూ నేను మానిటరు మీది అంకెలనే చూస్తూ కూర్చున్నాను.

ధర్మవరం చేరేసరికి ఆసుపత్రి సగం కూలిపోయి ఉంది. ఎదురుగా పట్టుచీరల కొట్టాయన అవ్వకు కుర్చీ వేశాడు. జేసీబీ నడిపే అతను నీళ్లు తాగడానికి వచ్చి, మమ్మల్ని చూసి ఆగాడు.

"ఎవురమ్మా మీరు? ఇంత దుమ్ములో కూర్చున్న్యారు?"

"మా నాయన కట్టించింది అప్పా అది," అంది అవ్వ.

అతను సీసా కింద పెట్టాడు. "గోడలు శానా గట్టిగా ఉండాయమ్మా. నిన్నటి నుంచి కొడతానే ఉండా. మీరు పొయ్యేదంకా ఆపమంటారా?"

"ఎందుకు? నీ పని నువ్వు చేసుకో నాయనా."

అతను వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. కిటికీలున్న గోడ ఒక్కసారిగా కాక, ముక్కలు ముక్కలుగా పడింది. అవ్వ రెప్ప వాల్చకుండా చూసింది. నాకేమైనా అనిపిస్తుందేమోనని కాచుకున్నాను. గొంతులోకి దుమ్ము పోయింది, దగ్గాను.

తిరుగుదారిలో అవ్వ ఒక్కసారే మాట్లాడింది.

"మీ నాయన దుప్పటి అట్లే ఉండాది. ఉతుకు."

మరుసటి పొద్దున ఉతికి మిద్దె మీద ఆరేశాను. మధ్యాహ్నానికే ఆరిపోయింది. మడిచి బీరువాలో పెట్టి, అన్నానికి అవ్వను లేపాను.