నలభై శాతం నది

మా మాస్టారు పోయారు. బుధవారం పొద్దున ఆంటీ, అంటే ఆయన భార్య, వాళ్ళుండే ఊరు అరోరా నుంచి ఫోన్ చేసి చెప్పారు. కమ్మింగ్‌లో మా ఆఫీసు పార్కింగ్‌లో, కారులోనే కూర్చుని విన్నాను. పెట్టేసే ముందు ఆవిడ, "ఆ మ్యాప్ ఇంక ఆపేయి నాన్నా, పాపం నీ కంప్యూటర్ ఇన్ని వారాలుగా నడుస్తోంది" అన్నారు. మొదలుపెడితే కదా ఆపడానికి.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మాస్టారు ఒప్పుకోరు. "డేటా ఎలా ఉందో అలా చూపించు, పౌడర్ రాయకు" అనేవారు. అందుకని ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన మాకు మ్యాపుల పని నేర్పిన ప్రొఫెసర్ ఆయన. విమానం నుంచి తీసిన వందల ఫొటోలను కంప్యూటర్‌లో అతికించి ఒకే బొమ్మగా చేయడం ఆ పని. అప్పట్లో అది రోజుల తరబడి నడిచేది. స్క్రీన్ మీద ఎంత శాతం అయిందో చూస్తూ మేము ల్యాబ్‌లో పడిగాపులు కాసేవాళ్ళం. ఆయన స్టీలు గ్లాసులో టీ పట్టుకుని వచ్చి, ముందు జేబురుమాలుతో ఆ బొద్దు మానిటర్ తుడిచి, తర్వాత తిట్టేవారు.

"విస్తరి కుట్టడం చూశావుటోయ్? ఒక్క ఆకు తిరగబడితే పులుసంతా ఒళ్ళోకే. ముందు ఆకులు చూసుకో."

నా థీసిస్ కోసం ఒక ఏటి బొమ్మ సోమవారం మొదలుపెట్టాను. శుక్రవారం సాయంత్రంలోగా ఇస్తేనే డిగ్రీ. డిగ్రీ వస్తేనే అప్పటికే ఆఫర్ ఇచ్చిన ఉద్యోగం. శుక్రవారం మధ్యాహ్నానికి తొంభై ఆరు శాతం అయింది. మాస్టారు వచ్చారు, మానిటర్ తుడిచారు, క్యాన్సిల్ నొక్కారు.

"మూడు ఫొటోలు వేరే కొలతలో ఉన్నాయి. ఏరు అక్కడ విరిగిపోతుంది."

"ఇప్పుడా సార్ చెప్పడం?"

"మంగళవారమే చూశాను. చెబితే మరిచిపోతావు. పోగొట్టుకుంటే గుర్తుంటుంది."

ఉద్యోగం పోయింది. ఇంకో సెమిస్టర్ వీసా భయంతో గడిపాను. ఆ తర్వాత ఏ ఫొటోనీ చూసుకోకుండా అతికించలేదు. ఇవాళ నేను తింటున్న తిండి ఆయన పెట్టిన ఆ వాత పుణ్యమే. ఆ వాత మానలేదన్నదీ నిజమే.

పోయిన చలికాలం ఆయన ఒక హార్డ్‌డిస్క్ పోస్టులో పంపి ఫోన్ చేశారు. అప్పటికే మంచం పట్టారు. రిటైరయ్యాక, తమ ఊరి మీదుగా పారే ఫాక్స్ నది పాత ఫొటోలన్నీ ఒక్కొక్కటే స్కాన్ చేసుకున్నారట.

"నా కంప్యూటర్ నాలుగు శాతం దగ్గరే చతికిలబడుతోందోయ్. నదిని మొత్తంగా ఒక్కసారి చూడాలి. ఆరడుగుల షీట్ మీద ప్రింట్ చెయ్యి. నాకు ఎక్కువ టైమ్ లేదు."

ఆయన బతిమాలగా వినడం అదే మొదటిసారి. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు హాయిగా అనిపించింది.

"పెద్ద ఫైళ్ళు కదా సార్, టైమ్ పడుతుంది" అన్నాను. ఆ కవరు కూడా చింపలేదు. ప్రతి ఆదివారం ఆయన అడిగేవారు. పది అన్నాను, పాతిక అన్నాను, నలభై అన్నాను. తర్వాతి ఆదివారం, ముందు ఏం చెప్పానో మరిచిపోయి, ముప్ఫై ఎనిమిది అన్నాను.

ఆ అంకె పెరగడమే గానీ తరగదు. వందల ఫొటోల్లో మూడింటి తేడా పట్టిన మనిషికి ఆ మాత్రం తెలియదా?

"సరే, నడవనీ నాన్నా" అన్నారు.

ఆయన నన్ను నాన్నా అనడం ఎప్పుడూ లేదు. మరుసటి ఆదివారం ఫోన్ రాలేదు. నేనూ చేయలేదు. మూడు రోజులకు ఆంటీ చేశారు.

ఆ సాయంత్రం కవరు చింపాను. ప్రతి ఫొటోనీ ఆయనే సరిచేసి, అన్నిటినీ ఒకే కొలతలోకి తెచ్చి, వరుసగా నంబర్లు వేసి పెట్టారు. నేను చూసుకోవలసిన ఆకు ఒక్కటీ మిగల్చలేదు. మా ఆఫీసు మెషీన్ మీద పదకొండు నిమిషాలు పట్టింది.

ప్రింటు చుట్టి పట్టుకుని అరోరా వెళ్ళాను. అద్దెకు తెచ్చిన ఆస్పత్రి మంచం అప్పటికే వెనక్కి పంపేశారు. దానికి ఎదురుగా ఉన్న గోడ మీంచి తమ పెళ్ళిఫొటో తీయించి, టేపుతో ఆరడుగులు కొలిపించి, నాలుగు మూలలా పెన్సిల్‌తో గుర్తులు పెట్టించారట మాస్టారు. ఆంటీ ఒక కొస పట్టుకున్నారు, నేనొక కొస పట్టుకున్నాను. గోడకు ఆనించి చూశాం.

గుర్తుల మధ్య నది సరిగ్గా సరిపోయింది.