సన్యాసిరావు గారి అయిదో కొట్టు

తొంభైల్లో శృంగవరపుకోటలో మా ఎదురింట్లో సన్యాసిరావు గారు అద్దెకుండేవారు. మా ఊళ్ళోని ఒక కిరాణా సావుకారు అరకు కొండమీద అయిదు కొట్లు తెరిచి, వాటన్నిటికీ ఆయన్ని మేనేజరుగా పెట్టాడు. పొద్దున్నే కిరండోల్ పాసింజరెక్కి పోయేవారు. వేసవి మొదట్లో తిరిగొస్తే ఆయన చొక్కాకి కాఫీపూల వాసన పట్టి ఉండేది. మా అమ్మకి అరటిపిలకలో, అడ్డాకులో తెచ్చేవారు.

నాలుగు కొట్లు రోడ్డుమీదివి: అనంతగిరి, సుంకరమెట్ట, అరకు, డుంబ్రిగుడ. అయిదోది తుమ్మగూడ, గిరిజనుల ఊరు. అరకులో జీపెక్కి, దిగి, గెడ్డలో నీళ్ళు దాటి నడవాలి. అక్కడ కొట్టు చూసేది ఆ ఊరి పిల్లే, పదో తరగతి చదివిన రత్న. అన్ని కొట్లూ ఒకేలా ఉండాలని ఆయన పట్టుదల. ఒక చోట పెట్టిన సరుకు అయిదు చోట్లా పెట్టాల్సిందే.

ఒక వేసవిలో సావుకారు తుమ్మగూడ కొట్టు మూసేద్దామన్నాడు, బేరం లేదని. మూస్తే రత్నకి మళ్ళీ కూలిపనే. ఊళ్ళోవాళ్ళు ఉప్పుకి కూడా అరకు సంతదాకా నడవాలి. సన్యాసిరావు గారికి మనసొప్పలేదు. ఎలాగైనా అమ్మకం పెంచి చూపిస్తానని గడువడిగారు. అప్పుడే కొత్తగా పెట్టిన ఆవకాయ సీసాలు అరకులో ఉద్యోగస్తులు ఎగబడి కొంటున్నారు. ఒక పెట్టెడు తుమ్మగూడకీ మోయించి, గుమ్మంలోంచే కనబడేలా వరుసగా పేర్చారు.

రత్న వాటిని ముట్టుకోలేదు.

"ఈ ఏటి మామిడి కదా బాబూ. మా ఊరు ఇంకా మామిడి పండగ సెయ్యలేదు. పట్టుకెళిపో," అంది.

ఊరి దేవతకి పెట్టకముందు ఆ ఏటి కాయ ఎవరూ నోట పెట్టరని ఆయనకి తెలుసు. తినమని ఎవరన్నారు, అరలో ఉంటే నష్టమేమిటని నవ్వేసి వచ్చేశారు.

మరుసటి వారం వెళ్ళేసరికి రత్న గుమ్మంలో కూర్చుని అడ్డాకులు కుడుతోంది. కొట్లోకి ఒక్కరూ రాలేదట. పచ్చడి వద్దనుకున్నవాళ్ళు ఉప్పైనా కొనుక్కోవచ్చు కదా అని ఆయన విసుక్కున్నారు.

"ఆ ఉప్పు కూడా మామిడి పక్కనే ఉంది. ఎవులు కొంటారు?" అంది రత్న.

ఆయన నేరుగా పండగలకి రోజు చూసే దిసారి సుక్రు ఇంటికి వెళ్ళారు. సుక్రు చోడి అంబలి ఇచ్చి, రైలు గురించీ వానల గురించీ తీరిగ్గా అడిగాడు. అసలు సంగతి విన్నాక ఆయన వైపు చూశాడు.

"నువ్వే తెచ్చినావు, నువ్వే మొయ్యి. ఆ రత్న గుంట సేత పట్టించకు."

పండగెప్పుడని అడిగారు సన్యాసిరావు గారు.

"సెప్తే బేగి సెయ్యమంటావు. మీ సావుకారు తొందరకి సెట్టు కాయదు," అని సుక్రు చుట్ట వెలిగించుకున్నాడు.

పెట్టె నెత్తిన పెట్టుకుని మేనేజరు గెడ్డ దాటుతుంటే చోడిచేల దగ్గరి ఆడవాళ్ళు పని ఆపి చూశారు. తలపాగా చుట్టుకోవలసింది బాబూ, జుట్టు రాలిపోద్ది అని ఒకామె అంది. ఆయన బట్టతల చూసి మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. వెనక రత్న కొట్టు నేలంతా పేడతో అలికింది, అయినా పండగ వెళ్ళేదాకా ఎవరూ రారంది.

సావుకారు మండిపడ్డాడు. రత్నకి అమ్మడం చేతకాక కబుర్లు చెబుతోందన్నాడు. పొరపాటు తనదేననీ, పండగ వెళ్ళేదాకా ఆగమనీ సన్యాసిరావు గారు బతిమాలారు. అప్పటికీ జనం రాకపోతే తాళం తనే వేస్తానన్నారు.

పండగనాడు ఆయన్ని పిలిచారు. దేవతకి పెట్టిన మామిడిముక్క అందరితోపాటు ఆయన చేతిలోనూ పెట్టారు. మర్నాడు రత్న కొట్టు తెరిచింది. ఆయన లోపల బస్తామీద కూర్చున్నారు. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చినా ఎవరూ రాలేదు. తాళంచెవి జేబులో ఉందో లేదో అని రెండుసార్లు తడుముకున్నారట.

తర్వాత సుక్రు వచ్చాడు. అరలన్నీ ఓసారి తేరిపార చూసి ఉప్పు అడిగాడు. అతని వెనకే ఆడవాళ్ళు బుట్టలతో వచ్చారు.

"కొట్టు మూసేత్తారని అరకులో సెప్పుకుంటన్నారు. నిజమేనేటి?" అన్నాడు సుక్రు.

సన్యాసిరావు గారు రత్న వైపు చూశారు. ఆమె త్రాసు దించకుండానే, ఉప్పు సాయంత్రానికి సరిపోదనీ ఇంకో బస్తా పంపించమనీ చెప్పింది. సావుకారుకి కబురు పెట్టడానికి ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు.