జూన్ రెండున వినిపించిన పేరు

దయ్యాలు, శకునాలు, గాలి సోకడాలు లాంటి మాటలు మా ఇంట్లో ఎవరైనా మొదలుపెడితే లేచి పక్క గదిలోకి పోయేదాన్ని. నేను చదువుకున్నది చరిత్ర. ఆధారం లేని మాటను నమ్మకూడదని డిగ్రీలో మా సార్లు చెప్పింది నా తలకు బాగా ఎక్కింది. ఇప్పుడు నేను రాస్తున్నదానికి మాత్రం నా దగ్గర ఆధారం లేదు. ఉన్న ఒక్క ఆధారమూ నేను చెప్పేదానికి వ్యతిరేకంగానే ఉంది.

సిద్దిపేటలో ఒక లోకల్ కేబుల్ ఛానెల్‌లో నేను చాలాకాలం వార్తలు చదివాను. పెద్ద ఛానెలేమీ కాదు. పాత బిల్డింగు పై అంతస్తులో రెండు గదులు, నీలం తెర, ఒక కెమెరా. కెమెరా, కంప్యూటర్ రెండూ శ్రీను చూసుకునేవాడు. మా ప్రసారం చుట్టుపక్కల మండలాలకు కూడా వెళ్లేది. పొద్దున వార్తల తర్వాత ‘చరిత్రలో ఈ రోజు’ అని ఒక చిన్న కార్యక్రమం ఉండేది. దాన్ని నేనే రాసి, నేనే లైవ్‌లో చదివేదాన్ని. ముందు ఆ తేదీన జరిగిన సంఘటనలు, తర్వాత పుట్టినవారు, చివరగా మరణించినవారు. ఆ పని నాకు ఇష్టం. ఎక్కడో ఒక రాజ్యం కూలిన రోజే ఇంకెక్కడో ఒక గాయకుడు పుట్టి ఉంటాడు. సంబంధం లేనివన్నీ ఒకే తేదీ కింద వచ్చి చేరుతాయి. అందులో ఏ అర్థమూ లేదని తెలిసినా చదువుతుంటే బాగుండేది.

మా చెల్లి సుజాత పుట్టింది జూన్ రెండున. చిన్నప్పుడు ఆ తేదీని ఎవరూ పట్టించుకునేవారు కాదు. బడి సెలవుల్లో వచ్చే పుట్టినరోజు, చాక్లెట్లు పంచడానికి కూడా ఎవరూ ఉండరని అది ఏడ్చేది. తెలంగాణ వచ్చాక ఆ రోజు రాష్ట్రానికే పండుగైంది. ఇక అది ఊరుకుంటుందా? "నా పుట్టినరోజుకు సర్కారే జెండాలు కడుతున్నది సూడు" అని ప్రతి ఏడూ ఫోన్ చేసి నవ్వేది.

సుజాతను రాయపోల్‌లో ఇచ్చాం. దాని భర్త రవి దుబాయ్‌లో ఏసీల పని చేస్తాడు. ఇంట్లో అది, అత్తమ్మ, కూతురు వైష్ణవి. మాది మగ్గాల ఇల్లు. బాపు భివండిలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేస్తూ అక్కడే పోయాడు. మమ్మల్ని కన్న అవ్వకు మిగిలింది నేనూ సుజాతే. చెల్లి నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నది. దానికి జడ వేసిందీ, సైకిల్ నేర్పిందీ, పెళ్లిచీర కుచ్చిళ్లు సర్దిందీ నేనే. నాకు పిల్లలు లేరు. వైష్ణవి పుట్టాక ఆ లోటు కూడా పెద్దగా తెలియలేదు.

ఆ ఏడు జూన్ రెండుకు నాకొక సరదా పుట్టింది. మా కార్యక్రమంలో చెల్లి పేరు కలపాలనుకున్నాను. మా ఓనర్ కూడా నవ్వి సరే అన్నాడు. పొద్దున ఎప్పటిలాగే చదివాను. తెలంగాణ అవతరణ దినోత్సవం, ఇటలీ ప్రజలు రాజును వద్దని గణతంత్రాన్ని కోరుకున్న రోజు, బ్రిటన్ మహారాణికి పట్టాభిషేకం జరిగిన రోజు. తర్వాత పుట్టినవారిని చదివి, ఆ వరుస చివర "రాయపోల్‌కు చెందిన శ్రీమతి సుజాత కూడా నేడే జన్మించారు, వారికి మా శుభాకాంక్షలు" అన్నాను. నవ్వు ఆపుకుంటూ అన్నానని బాగా గుర్తుంది. అటుపక్క శ్రీను కూడా నవ్వాడు. తర్వాత గొంతు సర్దుకుని మరణించినవారిని చదివాను. ఇటలీని ఒక్కటి చేసిన వీరుడు, పాతకాలపు హిందీ సినిమా నటుడు, మరి ఇద్దరు. అంతే. నమస్కారం పెట్టి లేచాను.

లైట్లు ఆర్పకముందే సుజాత ఫోన్ వచ్చింది. థాంక్స్ చెప్పడానికే అనుకున్నాను.

"అక్కా, గదేంది? నన్ను చచ్చిపోయినోళ్లల్ల చదివినవ్?" అంది. నవ్వుతూనే అంది.

"పుట్టినోళ్లల్ల చదివిన. నిద్రమొఖంతోని విన్నవా ఏంది?"

"నిద్ర గాదు అక్కా. మంచిగ కూసొని సూసినం. ముందు గా సినిమాయన, ఎనుక నేను. రాయపోల్ సుజాత అని సక్కగ చదివినవ్. మా అత్త చాయ పక్కకు పెట్టి ఒక్కతీరుగ తిడుతున్నది, మీ అక్కకు మతి ఉన్నదా అని."

పక్కనే ఉన్న శ్రీనుకు ఫోన్ ఇచ్చాను. పుట్టినవారిలోనే చదివిందని అతను కూడా చెప్పాడు. అయినా నా మనసు ఊరుకోక, అప్పటికప్పుడు రికార్డింగ్ వేయించి చూశాను. నేను చెప్పినట్టే ఉంది. పుట్టినవారి చివర సుజాత పేరు, నా నవ్వు. మరణాల్లో ఆ పేరు లేదు. ఆ మాటే చెల్లికి చెప్పాను. "సరే తియ్ అక్కా, మా టీవీకి పిచ్చిలేసి ఉంటది" అంది.

నిజానికి ఆ రోజు మధ్యాహ్నం సుజాత, వైష్ణవి సిద్దిపేట రావాలి. నేను జెండా వందనం కవరేజీ ముగించుకుని ఇంటికి రాగానే అందరం కలిసి తిని, సాయంత్రం కోమటి చెరువు దగ్గరికి పోవాలని మాట. బస్సు గుర్తుకొచ్చింది నాకు. రోడ్డు గుర్తుకొచ్చింది. నమ్మకం కాదు, భయం కూడా కాదు, నోట్లో వెంట్రుక పడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"సుజా, ఇయ్యాల రాకు. రేపు రా" అన్నాను.

"ఏందక్కా, నువ్వు గూడ గిసోంటియి నమ్ముతవా? పోరికి కొత్త గౌను తొడిగిన. మొకం మాడ్సుకుంటది."

"నమ్ముడు గాదు. నా మాట ఇను. ఇయ్యాల ఒక్కరోజు గడప దాటకు. నా మీద ఒట్టు."

అటుపక్క వైష్ణవికేదో సర్దిచెప్పింది. తర్వాత "సరే, నువ్వంటున్నవని ఉంటున్న. రేపు పొద్దుగాలనే వస్త" అంది. దాని గొంతు నేను వినడం అదే ఆఖరు.

మధ్యాహ్నం నేను ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుండగా రాయపోల్‌లో గాలిదుమారం లేచిందట. నాలుగు చినుకులు కూడా పడ్డాయట. సుజాత ఆరేసిన బట్టలు తీసుకురావడానికి పెరట్లోకి పోయింది. గడప దాటవద్దన్నానని వీధివైపు రాలేదు, ఇంటి వెనక్కే పోయింది. గాలికి కరెంటు వైరు రేకుల మీద ఒరుసుకుని తెగి, బట్టలు ఆరేసే ఇనుప తీగ మీద పడి ఉంది. తడిచేత్తో చీర లాగింది.

ఫోన్ చేసింది సుజాత అత్తమ్మ. "బిడ్డా, నువ్వు అన్నట్టే అయ్యిందే" అని ఒకటే మాట. నేను అన్నట్టా? పక్కవాళ్లు ఫోన్ తీసుకుని చెప్పారు. దవాఖానకు తీసుకుపోయారు గానీ అప్పటికే లేదు.

మా ఆయన బండి మీద ఎట్లా పోయానో గుర్తులేదు. దారి పొడుగునా జెండాలు, మైకులో పాటలు. ఇంటి ముందు ఆడవాళ్లు నన్ను చూసి పక్కకు జరిగారు. దుఃఖంలో ఉన్న మనిషికి దారి ఇవ్వడం వేరు. వాళ్లు జరిగింది అందుకు కాదు. "టీవీల చదివిన అక్క గామెనే" అని ఎవరో మెల్లగా అనడం వినిపించింది. ఎదురింటి దర్జీ కూడా తన ఇంట్లో టీవీ చూస్తూ ఆ మాట విన్నాడట. పొద్దునే వచ్చి సుజాతను అడిగాడట, అట్ల చదివిన్రేంది అని. ఒక్క టీవీ పిచ్చిదైతే సరే. రెండిళ్లలో రెండు టీవీలు ఒకే తప్పు ఎట్లా చెబుతాయి?

ఎర్ర గౌను వేసుకుని వైష్ణవి ఒక మూల కూర్చుని ఉంది. దాన్ని దగ్గరకు తీసుకుంటే కట్టెలా బిగుసుకుపోయింది.

రవి దుబాయ్ నుంచి వచ్చాడు. కర్మలన్నీ అయ్యాక ఒకరోజు మా ఆఫీసుకు వచ్చి ఆ వీడియో చూస్తానన్నాడు. శ్రీను వేశాడు. చూసి, మళ్లీ వేయమన్నాడు. శ్రీను సౌండ్ పెంచి మరీ వేశాడు. మరణాల దగ్గరికి వచ్చినప్పుడల్లా రవి తెరకు దగ్గరగా వంగి చూశాడు. ఆ నలుగురి పేర్లు తప్ప ఏమీ లేదు.

"మా అవ్వ అబద్ధం చెప్పదు వదినా" అన్నాడు చివరికి.

"నేను గూడ చెప్తలేను తమ్మీ" అన్నాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

తర్వాత నేను తెలిసినవాళ్లందరినీ అడిగాను. సిద్దిపేటలో ఆ రోజు మా కార్యక్రమం చూసినవాళ్లు ఉన్నారు. అందరూ పుట్టినవారిలోనే విన్నారు, మీ చెల్లికి భలే చెప్పావమ్మా అన్నవాళ్లు కూడా ఉన్నారు. రాయపోల్‌లోనే వేరే వీధివాళ్లు ఏ తేడా గమనించలేదు. తప్పుగా విన్నది ఆ ఎదురెదురు ఇళ్లవాళ్లే. కేబుల్ పని తెలిసినవాళ్లను అడిగితే, లైన్‌లో మాట ఆగిపోవచ్చు, గరగర రావచ్చు, ఉన్న పేరు ఒకచోటి నుంచి లేచి ఇంకోచోట పడదు అన్నారు. చెల్లి, అత్తమ్మ, దర్జీ ముగ్గురూ కలిసి భ్రమపడ్డారనుకుందామని ఎంతో ప్రయత్నించాను. సరే, భ్రమే అనుకుందాం. మరి ఆ మధ్యాహ్నం జరిగింది?

ఇంకొకటి కూడా నన్ను తింటుంది. ఆ రోజు చెల్లి వచ్చి ఉంటే దుమారం లేచే వేళకు మా వంటింట్లో, నా పక్కన నిలబడి ఉండేది. రావద్దన్నది నేను. ఇంట్లో ఉండమని ఒట్టు పెట్టింది నేను. ఎవరికీ చెప్పుకోలేను. చెప్పుకుంటే, నీ తప్పేముంది అంటారు. ఆ మాట విన్నంతసేపూ తల ఊపి ఇంటికొచ్చి ఏడవాలి. దేవుడికి దండం పెట్టడం కూడా మానేశాను. అవ్వ ఇప్పటికీ ఆ సంగతి నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండు.

ఛానెల్‌లో పని మానేశాను. తర్వాతి వారం చదవడానికి కూర్చున్నాను గానీ ‘నేడు మరణించినవారు’ అన్న మాట దగ్గర కాగితం బల్ల మీద పెట్టేసి లేచి వచ్చేశాను. ఇప్పుడొక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తున్నాను. రవి మళ్లీ దుబాయ్ పోయాడు. బతకాలి కదా. వైష్ణవి మా దగ్గరే ఉండి సిద్దిపేటలో చదువుకుంటోంది.

ఇదంతా జరిగి కొన్నేళ్లైంది. ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. పోయిన ఏడు ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం వైష్ణవికి జడ వేస్తున్నాను. అది ఏదో పుస్తకం తిప్పుతూ మామూలుగా అడిగింది.

"పెద్దమ్మా, గా రోజు అమ్మ పేరు ఎనుక ఇంకో పేరు గూడ చదివినవ్ గద. గది గూడ టీవీ తప్పేనా?"

నా చేతిలో జడపాయ జారిపోయింది. ఇంకో పేరు సంగతి ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు. నవ్వుతూ ఫోన్‌లో మాట్లాడిన నా చెల్లి కూడా అనలేదు.

"ఏ పేరు బిడ్డా?"

"అమ్మ చెప్పద్దన్నది. నీకు ఫోన్ చేసేముందే నాతోని ఒట్టేయించుకున్నది."

బతిమాలాను. కోప్పడ్డాను కూడా. అది ఏడ్చింది గానీ చెప్పలేదు. పోయిన తల్లి వేయించిన ఒట్టు, ఆ పిల్ల దాన్ని ఎందుకు తీస్తుంది? ఆ సాయంత్రమే అత్తమ్మకు ఫోన్ చేసి అడిగాను. నీకెవరు చెప్పారని ముందు నన్నే అడిగింది. తర్వాత, "పోరి చిన్నది, ఏదో అంటది. నువ్వు పైలం బిడ్డా" అని జాగ్రత్త చెప్పి ఫోన్ పెట్టేసింది.

వైష్ణవికి తెలియకుండా శ్రీను దగ్గరికి పోయి ఆ వీడియో ఇంకోసారి చూశాను. నలుగురి పేర్లు. తర్వాత నేను నమస్కారం పెడతాను. ఆ పేర్లకూ నా నమస్కారానికీ మధ్య ఖాళీ కూడా లేదు. ఇంకో పేరు పట్టేంత జాగ అందులో ఎక్కడుందో నాకు తెలియదు. ఎవరైనా చెప్పగలిగితే వింటాను. నేను మాత్రం దీనికి ఏ కారణమూ చెప్పలేను.

మొన్నటి జూన్ రెండున వైష్ణవి పొద్దున లేచిందగ్గర్నుంచి నా కొంగు పట్టుకునే తిరిగింది. వంటింట్లోకి పోతే వంటింట్లోకి, పెరట్లోకి పోతే పెరట్లోకి. స్విచ్ వేయబోతే నన్ను ఆపి తనే వేసింది. తీగ మీద బట్టలు తీయబోతే చెయ్యి గట్టిగా పట్టుకుని, "నువ్వుండు పెద్దమ్మా, నేను తీస్త" అంది. చీకటి పడి, అన్నాలు తిని, పక్కలు వేసుకున్నాక కూడా ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు.