ఒక్క గొంగడి చాలన్న సారు

మా సైన్సు సారు పోయారన్న కబురు నాకు దేవరకొండలో మా దుకాణంలో కొత్త ఏసీ డబ్బా విప్పుతుంటే వచ్చింది. సారు వింటే, "చూస్తివా, నా చావు కబురు గూడ నీకు ఏసీ కాడనే దొరికింది" అని నవ్వేవారు. ఏసీలమ్మే శిష్యురాలు ఆయన జాతకంలో రాసి ఉంది, ఏం చేస్తాం.

తెలంగాణ వచ్చిన ఏడాది తర్వాత వేసవిలో, భూమి ఎందుకు వేడెక్కుతోందో చెప్పడానికి సారు క్లాసుకు మూడు గొంగళ్లు మోసుకొచ్చారు. ముందు బెంచీలో కూర్చున్న పాపానికి నన్ను లేపి, "ఇయ్యాల్టి సంది నువ్వే భూమి" అన్నారు.

మొదటి గొంగడి కప్పుతూ, "గిది భూమి మీద మొదటి సంది ఉన్న గాలి గొంగడి. ఇది లేకుంటే సలికి గడ్డకట్టి సస్తుంటిమి. ఒక్కటి చాలు" అన్నారు. రెండోది కరెంటు కోసం మనం కాల్చే బొగ్గుదట. మూడోది లారీలది, ఇటుక బట్టీలది. నాకు చెమట మడమల దాకా కారింది.

ఆ గొంగళ్లు నేసి ఇచ్చిన ఇంటి పిల్ల వెనక బెంచీలోంచి లేచింది. "సార్, గొంగడి ఎండను గూడ ఆపుతది గద?"

సారు గడ్డం గోక్కున్నారు. "ఆపుతది. గా గాలి గొంగడేమో ఎండను లోపలికి రానిస్తది, వేడిని బయటికి పోనియ్యది. అసుంటిది మీ తాత నేయకపాయె, నేనేం జెయ్యాలె?"

"ఉడుకుతాంది సార్, తియ్యుండ్రి" అని నేను మొత్తుకున్నాను. బెల్లు కొట్టాకే తీశారు. "కప్పుడు అల్కగ బిడ్డా. తీసుడే ఎవలకు శాతగాదు."

ఆ రోజు నుంచి ఊరు నా అసలు పేరు మరిచిపోయింది, అందరికీ భూమినే. నేను దుకాణం పెట్టాక సారు సైకిలు మీద పోతూ పోతూ తల లోపలికి పెట్టి, "ఏం భూమీ, నీ మీద నువ్వే గొంగళ్లు కప్పుకుంటున్నవా?" అనేవారు. నిజం చెప్పాలంటే ఒళ్లు మండేది. ఏదో ఒకరోజు ఈయనా నా దగ్గరికి రాకపోతారా అని కాచుకుని కూర్చున్నాను.

పోయిన ఎండాకాలం వచ్చారు. చాలాసేపు ఫ్యాన్లు చూసినట్టు నటించి, చివరికి, "ఇంట్ల మీ మేడంకు ఉక్కకు పానం ఆగుతలేదు. ఒకటియ్యి. భూమీ, జర మాఫ్ జెయ్యాలె" అన్నారు. ఏళ్లుగా దాచుకున్న వెక్కిరింతలు పక్కనపెట్టి ఏసీకి బిల్లు రాశాను.

"ఇరవై ఆరు డిగ్రీల మీద వెట్టుకోండ్రి సార్. కరెంటు తక్కువ కాలుతది, సగం గొంగడే."

దగ్గు వచ్చేదాకా నవ్వారు.

నేను వెళ్లేసరికి సారును వాకిట్లో షామియానా కింద పడుకోబెట్టారు. పాత శిష్యులు వరసగా వచ్చి శాలువాలు కప్పుతున్నారు. అవి మెడ దాకా పేరుకున్నాయి. మేడం తల దగ్గర కూర్చుని విసనకర్రతో విసురుతున్నారు. నన్ను చూసి, "భూమీ, మీ సారుకు ఉడుకుతది గదనే" అన్నారు.

నేను పై శాలువా అంచు పట్టుకోగానే, "కప్పినయి తియ్యొద్దు బిడ్డా, మర్యాద గాదు" అన్నాడు ఎవరో పెద్దాయన. అందరూ నావైపే చూశారు. అయినా ఒక్కొక్కటే తీసి మడతపెట్టాను. తీయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

అన్నిటికన్నా అడుగున, మేడం పొద్దున్నే కప్పిన పాత గొంగడి ఉంది. దాన్ని తీయలేదు. నేను తెచ్చిన శాలువా చంకలోనే ఉండిపోయింది. మేడం విసురుతున్న గాలికి సారు నెరిసిన జుట్టు మెల్లగా కదులుతోంది.