మావయ్య కీబోర్డు

రైల్వే వాళ్లుండే ఓల్డ్ సెటిల్‌మెంటులో, మా క్వార్టర్ల వరుసలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా నాకే కబురొస్తుంది. పెద్ద చదువులు చదివానని కాదు. తెర మీద వచ్చిన ప్రతి పెట్టెనూ చదవకుండా మూసేయను, అంతే. మా వాళ్లకు ఆ మాత్రం చాలు. వెళ్తాను, కాసేపు సణుగుతాను, బాగుచేసి, టీ తాగి వస్తాను.

ఆ సాయంత్రం పిలిచింది ఎదురు క్వార్టర్ అత్త. చుట్టరికం లేదు, చిన్నప్పటి నుంచీ అలా పిలవడమే. ఆవిడ భర్త, మా మావయ్య, రైల్వే వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. అమ్మవారికి చేసే మాత పూజకు మా వీధి స్టేజీ మీద వేసే నాటిక ఏటా ఆయనే రాస్తాడు. చేత్తో రాయడం కష్టమవుతోందని కొడుకు ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఇప్పుడు పూజ దగ్గరపడింది, నాటిక చూస్తే మాయమైపోతోంది.

"రోజూ రాస్తన్నానమ్మా. మర్నాడొచ్చి సూస్తే ఏటీ నేదు, మళ్లీ మొదటికే," అన్నాడు మావయ్య. "ఈ ఏడు ఇంకెవరి సేతైనా రాయించుకోమని కమిటీకి సెప్పేస్తాను."

నా మనసు చివుక్కుమంది. ఆయన నాటికల్లో వేషాలు వేస్తూ పెరిగినదాన్ని నేను.

"రాయడం అయ్యాక ఏటి సేస్తావు మావయ్యా?"

"ఏటి సేస్తాను? మెయిన్ స్విచ్ తీసేస్తాను," అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

వర్క్‌షాపులో అబ్బిన అలవాటు అది. డ్యూటీ దిగేటప్పుడు స్విచ్ తీయకుండా మిషన్ దగ్గర నుంచి కదిలితే అక్కడ చీవాట్లు తప్పవు. అదే పద్ధతిలో గోడ మీది స్విచ్ కట్టేసి, నిశ్చింతగా అన్నానికి కూర్చుంటున్నాడు. సేవ్ చెయ్యాలన్న సంగతే తెలియదు. రాసింది రాసినచోటే ఉంటుందని ఆయన నమ్మకం. పైగా మర్నాడు కంప్యూటర్ పాపం తాను దాచిన కాపీలను ఎడమపక్కన చూపిస్తుంటే, అవి అడ్వర్టైజ్‌మెంట్లనుకుని మూసేస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది.

ఆ కాపీలు ఉండే చోటు వెతికి తెరిస్తే మొదటి సీనే నాలుగైదు రకాలుగా దొరికింది. బాగున్నది ఏరుకోమన్నాను. ప్రతి నిమిషానికీ దానంతటదే సేవ్ అయ్యేలా పెట్టి, షట్‌డౌన్ బొమ్మను తెర మధ్యలో పెద్దగా ఉంచాను.

"మిషన్ తిరుగుతుండగా మెయిన్ తీసేస్తావేటి మావయ్యా?"

"సత్తే తియ్యను."

"ఇదీ అంతే. ముందు ఈ బొమ్మ నొక్కి ఆపు. తెర నల్లబడ్డాక స్విచ్ తియ్యి."

ఆ మాట ఆయనకు వెంటనే ఎక్కింది. కానీ నేను లేవబోతుంటే ఆపాడు. "అదొక్కటే కాదమ్మా. కీబోర్డు కూడా పాడైపోనాది. ఒకటి కొడితే మూడు పడతన్నాయి."

నేను కొట్టి చూస్తే శుభ్రంగానే ఉంది. నువ్వే కొట్టి చూడన్నట్టు ఆయన ముందుకు జరిపాను. వేలు మీట మీద నిలవడం లేదు. సన్నగా వణుకుతూ రెండు మూడుసార్లు తగులుతోంది. అత్త కిటికీ వైపు తిరిగిపోయింది.

సెట్టింగుల్లో, యాక్సెసిబిలిటీలో, ఫిల్టర్ కీస్ అని ఒకటుంది. ఒకే మీట వెంటవెంటనే పడితే మొదటిదాన్నే తీసుకుని మిగతావి వదిలేస్తుంది. దాన్ని ఆన్ చేసి, ఎంతసేపు ఆగాలో కొద్దికొద్దిగా మారుస్తూ ఆయన చేతే కొట్టించాను. తక్కువ పెడితే అక్షరాలు మళ్లీ రెట్టించాయి. ఎక్కువ పెడితే కావాలని రెండుసార్లు కొట్టినదీ పోయింది. టీకి పెట్టిన నీళ్లు మరిగేసరికి లెక్క కుదిరింది. మావయ్య ఒక డైలాగు మొత్తం కొట్టాడు. ఒక్క అక్షరం కూడా ఎక్కువ పడలేదు.

"కీబోర్డు బాగైపోనాది మావయ్యా," అన్నాను.

ఆయన తెర వైపే చూస్తూ నవ్వాడు. "పాడైనది కీబోర్డు కాదని నాకు తెల్దేటే అమ్మా? ఇలాటి సెట్టింగు టీ గ్లాసుకి కూడా ఉంటాదేమో సూడు."

అత్త కూడా నవ్వేసింది, కొంగుతో కళ్లొత్తుకుంటూనే టీలు తెచ్చింది. నాకు నిండా పోసి, ఆయనకు సగం గ్లాసే పోసింది. ఆ గ్లాసును పక్కకు జరిపి, మావయ్య రెండో సీను మొదలుపెట్టాడు.