ఏనుగుకు సిగ్గు

పత్రికలో దిద్దుబాట్ల పని చేసి రిటైరయ్యాక, సుబేదారిలోని మా ఇంట్లో మూడేళ్లు నిండని మనవరాలు చిన్నితోనే నా కాలక్షేపం. డైపర్ మానితేనే చేర్చుకుంటామని ప్లేస్కూల్ వాళ్లు చెప్పారు. తను స్కూల్లో చేరితేనే మా కోడలు మళ్లీ ఉద్యోగానికి వెళ్లగలదు.

పిల్లలు దొడ్డికి కూర్చునే పాటీ కుర్చీ అలవాటు చేసే బొమ్మల పుస్తకాలు తేవడం నా వంతయింది. పాత అలవాటు కొద్దీ వాక్యాలు బాగున్నవే ఏరి తెచ్చాను. చిన్ని వాటిని కన్నెత్తి చూడలేదు.

"మామా, అది సదువుతదా? బొమ్మ జూస్తది గని!" అని కోడలు నవ్వింది.

ఈసారి చిన్నినే దుకాణానికి తీసుకెళ్లాను. అక్షరమే లేని పుస్తకం పట్టుకుంది. అందులో ఓ గున్న ఏనుగు పాటీ మీద కూర్చుని ఉంది. వారమంతా చిన్ని పుస్తకం వదల్లేదు, పాటీ మాత్రం ఎక్కలేదు.

స్కూలు గడువుకు ముందురోజు బాత్రూంలో మాటలు వినబడి తొంగిచూశాను. చిన్ని పాటీ మీద కూర్చుని, ఎదురుగా తెరిచిపెట్టిన ఏనుగు బొమ్మతో అంటోంది: "ఫికర్ జెయ్యకు. నేను గూడ కూసున్న గదా!"

ఆ వెంటనే పని కూడా కానిచ్చింది. పట్టలేని సంతోషంతో లోపలికి అడుగేశాను.

"తాతా, బయటికి పో! ఏనుగుకు సిగ్గయితాంది!"

తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. ఎన్నో ఏళ్లు పేజీలు దిద్దినవాణ్ణి, ఆ ఏనుగు మొహంలో భయం ఉందని చిన్ని 'ఫికర్ జెయ్యకు' అనేదాకా గమనించనే లేదు.